మెనోపాజ్‌కు ముందు అధిక రక్తస్రావం: చైనా మూలికా కషాయాన్ని ఎంతవరకు నమ్ముకోవచ్చు?

ప్రశ్న – మేఘమాల

అందరికీ నమస్కారం. నా వయసు 48 ఏళ్లు. సుమారు ఏడాదిగా నెలసరి క్రమం తప్పింది. ఒక్కోసారి రెండు నెలలు గడిచినా రాదు, వచ్చినప్పుడు మాత్రం పది రోజులు దాటినా ఆగదు. మొదటి మూడు నాలుగు రోజులు గంటన్నరకో ప్యాడ్ మార్చుకోవలసి వస్తోంది, రక్తం గడ్డలుగా పడుతోంది, రాత్రి రెండు ప్యాడ్లు కలిపి పెట్టుకున్నా దుప్పటి తడుస్తూనే ఉంది. మెట్లెక్కితే ఆయాసం, కూర్చుని లేస్తే కళ్లు తిరగడం మొదలయ్యాయి. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9.1 అని వచ్చింది. స్కానింగులో గర్భాశయపు లోపొర 14 మిల్లీమీటర్ల మందం ఉందని, రెండు సెంటీమీటర్ల చిన్న ఫైబ్రాయిడ్ (గర్భాశయ కండరంలో పెరిగే గడ్డ) ఒకటి ఉందని, అండాశయాలు బాగానే ఉన్నాయని రాశారు. బీపీకి, థైరాయిడ్‌కు రోజూ మాత్రలు వేసుకుంటున్నాను.

చూపించుకున్న డాక్టరు గారు ముందుగా లోపొర నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపాలని, ఫలితం మామూలుగా ఉంటే హార్మోన్ విడుదల చేసే లూప్‌ను గర్భాశయంలో అమర్చుకోవడం మంచిదని చెప్పారు. ఈలోగా మా ఆడపడుచు గారు నన్ను ఒక చైనా మూలికా వైద్యుని దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన రెండు చేతుల నాడీ చాలాసేపు పట్టి చూశారు, నాలుక చాపమని దాని అంచుల మీద పళ్ల గుర్తులు పడి ఉండటాన్ని అద్దంలో చూపించారు, ప్లీహపు శక్తి సన్నగిల్లి రక్తాన్ని దాని దారిలో నిలిపి ఉంచలేకపోతోందని వివరించి, గుయ్ పీ థాంగ్ అనే కషాయాన్ని మూడు నెలలు తాగమన్నారు. నా బాధను అంత ఓపికగా విన్నవారు ఈ మధ్య మరొకరు లేరు కనుక ఆయన మీద నాకు గురి కుదిరింది. హార్మోన్లంటేనూ బయాప్సీ అంటేనూ నాకు భయంగా ఉంది.

ఈ కషాయంతో ఇంత రక్తస్రావం నిజంగా తగ్గుతుందా? మూడు నెలలు తాగి చూసి, తగ్గకపోతే అప్పుడు బయాప్సీ చేయించుకుంటే సరిపోతుందా? ఐరన్, బీపీ, థైరాయిడ్ మాత్రలతో పాటు దీన్ని తీసుకోవచ్చా? తెలిసినవారు దయచేసి చెప్పండి.

సమాధానం – స్త్రీవ్యాధుల వైద్యురాలు

మేఘమాల గారూ, మీ రెండో ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను, ఎందుకంటే మిగిలిన రెండింటి జవాబులు దాని మీదే ఆధారపడి ఉన్నాయి. బయాప్సీని వాయిదా వేయకండి. కషాయం తాగాలా వద్దా అన్నది ఆ తరువాత నిదానంగా తేల్చుకోవచ్చు.

మీ వయసులో నెలసరి ఇలా గతి తప్పడానికి తరచుగా కనిపించే కారణం అండం విడుదల కాకపోవడం. అండం విడుదలైన తరువాతే అండాశయం ప్రొజెస్టెరాన్‌ను తగినంతగా తయారుచేస్తుంది. అది లేని నెలల్లో ఈస్ట్రోజన్ ఒక్కటే పనిచేస్తూ గర్భాశయపు లోపొరను పెంచుకుంటూ పోతుంది. అలా మందంగా పెరిగిన పొర, మామూలు నెలసరిలో లాగా మొత్తం ఒకేసారి ఊడి రాకుండా, ఈ రోజు ఒక చోట రేపు ఇంకో చోట ఊడుతూ రోజుల తరబడి రక్తం పోయేలా చేస్తుంది. రెండు నెలల విరామం తరువాత ఉధృతంగా రావడమన్న మీ వర్ణన దీనికి సరిపోతుంది. అయితే సరిపోయినంత మాత్రాన నిర్ధారణ అయినట్లు కాదు. ప్రొజెస్టెరాన్ తోడు లేకుండా ఈస్ట్రోజన్ చాలాకాలం పనిచేసిన పొరలోనే కణాలు అతిగా పెరిగే హైపర్‌ప్లేసియా, కొందరిలో క్యాన్సర్ కూడా మొదలవుతాయి. అవి బయటికి ఇదే రక్తస్రావంగా కనిపిస్తాయి. గర్భాశయ లోపొర క్యాన్సర్ వచ్చిన స్త్రీలలో సుమారు 90 శాతం మందికి అసహజ రక్తస్రావం ఉంటుంది. 45 ఏళ్లు దాటిన స్త్రీకి అసహజ రక్తస్రావం ఉన్నప్పుడు లోపొర నమూనా తీసి చూడటాన్ని మొదటి పరీక్షల్లోనే చేర్చమని అమెరికాలోని స్త్రీవ్యాధుల వైద్యుల సంఘం సూచించడం ఇందుకే.

స్కానింగులో వచ్చిన 14 మిల్లీమీటర్ల అంకె గురించి ఒక మాట. ముట్లు పూర్తిగా ఆగిపోయినవారిలో 4 మిల్లీమీటర్ల హద్దును పెట్టుకుని లెక్క చూస్తాము. ముట్లు ఇంకా వస్తున్నవారిలో లోపొర మందం రోజును బట్టి మారుతూ ఉంటుంది కనుక, ఆ అంకె ఒక్కటే చూసి బెంబేలెత్తవలసిన పనీ లేదు, దాన్ని పట్టుకుని ధైర్యం తెచ్చుకోవడానికీ లేదు.

అంతర్జాతీయ స్త్రీవ్యాధుల, ప్రసూతి వైద్యుల సమాఖ్య 2011లో అసహజ రక్తస్రావానికి కారణాలను తొమ్మిది వర్గాలుగా విడదీసింది. లోపొర మీద పొడుచుకువచ్చే పిలకల్లాంటి పాలిప్‌లు, గర్భాశయ కండరంలోకి లోపొర చొచ్చుకుపోయే ఎడినోమయోసిస్, ఫైబ్రాయిడ్లు, క్యాన్సర్ లేదా హైపర్‌ప్లేసియా అన్నవి కంటికో సూక్ష్మదర్శినికో కనిపించేవి. రక్తం గడ్డకట్టడంలో లోపం, అండం విడుదలలో లోపం, లోపొరలోనే ఉన్న లోపం, వాడుతున్న మందుల ప్రభావం, వీటిలో దేనికీ చెందనివి మిగిలిన ఐదు. మీ విషయంలో ఇప్పటికే రెండు మూడు వర్గాలను పరిశీలించవలసి ఉంది. ఫైబ్రాయిడ్ కండరం మధ్యలో ఉంటే ఇంత రక్తస్రావానికి అది కారణం కాకపోవచ్చు, అదే లోపలి ఖాళీలోకి ఉబ్బి ఉంటే చిన్నదైనా కారణం కావచ్చు. అది ఎక్కడ ఉందో స్కానింగు రిపోర్టులో మళ్లీ చూపించుకోండి. థైరాయిడ్ హార్మోను తక్కువగా ఉన్నా నెలసరి అధికమవుతుంది, కనుక టీఎస్‌హెచ్ పరీక్ష ఈ మధ్య చేయించుకోకపోతే చేయించుకోండి.

హార్మోన్ లూప్ గురించి మీ భయం అర్థమయింది. అందులోని లెవోనార్‌జెస్ట్రెల్ ఎక్కువగా గర్భాశయంలోనే పనిచేస్తుంది, రక్తంలోకి చేరేది చాలా తక్కువ. మీ శరీరంలో కొరవడిన ప్రొజెస్టెరాన్ పనిని అది లోపొర దగ్గరే చేస్తుంది. మొదటి మూడు నుంచి ఆరు నెలలు మధ్యమధ్యలో కొద్దిగా చుక్కలు కనిపించడం సాధారణం, ఆ తరువాత చాలామందిలో రక్తస్రావం బాగా తగ్గిపోతుంది. హార్మోన్ అసలే వద్దనుకుంటే ట్రానెక్సమిక్ యాసిడ్ ఉంది. రక్తస్రావం ఎక్కువగా ఉన్న నాలుగైదు రోజులు మాత్రమే వేసుకునే ఈ మాత్రలు రక్తాన్ని సుమారు సగం వరకు తగ్గించగలవు. కాళ్లలో గానీ ఊపిరితిత్తుల్లో గానీ ఎప్పుడైనా రక్తం గడ్డకట్టినవారికి ఇవి పనికిరావు కనుక డాక్టరు రాసి ఇస్తేనే వాడాలి.

హిమోగ్లోబిన్ 9.1 అంటే ఐరన్ నిల్వలు దాదాపు అడుగంటి ఉంటాయి. ఆ నిల్వలను చెప్పే ఫెరిటిన్ పరీక్ష కూడా చేయించుకోండి. హిమోగ్లోబిన్ మామూలు స్థాయికి వచ్చాక కూడా నిల్వలు నిండేదాకా మరికొన్ని నెలలు ఐరన్ కొనసాగించాలి. గంటకో ప్యాడ్ పూర్తిగా తడుస్తూ రెండు గంటలు దాటినా, కళ్లు తిరిగి పడిపోయేట్టు అనిపించినా, ఛాతీలో నొప్పో ఆగని గుండెదడో వచ్చినా ఏ కషాయం కోసమూ ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్లండి.

సమాధానం – హరితవనం

మేఘమాల గారూ, నేను చైనా వైద్యం నేర్చుకుని అదే వృత్తిగా సాగిస్తున్నవాణ్ణి. వైద్యురాలు గారు చెప్పిన దానిలో నేను కాదనేది ఏమీ లేదు. మా సంప్రదాయం వైపు నుంచి చూసినా మీకు అందిన సలహాలో మెట్ల వరుస తప్పినట్లు నాకు కనిపిస్తోంది, అది చెప్పడానికే రాస్తున్నాను.

మా వైద్యంలో ఈ బాధను బెంగ్ లౌ అంటారు. వరదలా పడటం, చుక్కచుక్కగా ఆగకుండా కారడం రెండూ దాని కిందికే వస్తాయి. మింగ్ రాజవంశ కాలం నుంచి దీనికి మూడు మెట్ల చికిత్స చెబుతూ వస్తున్నారు. మొదట ప్రవాహాన్ని ఆపాలి, తరువాత దాని మూలాన్ని తేల్చి సరిచేయాలి, చివరికి పోయిన బలాన్ని తిరిగి నింపాలి. ఇప్పుడు మీరున్నది మొదటి మెట్టు మీద. గుయ్ పీ థాంగ్ ప్రధానంగా చివరి మెట్టుకు చెందిన కషాయం. 13వ శతాబ్దంలో యాన్ యోంగ్‌హ అనే వైద్యుడు దీన్ని కూర్చినప్పుడు, అతిగా ఆలోచించి అలసిపోయి మతిమరుపు, గుండెదడ తెచ్చుకున్నవారి కోసం కూర్చాడు. రక్తాన్ని నిలపడానికి వాడటం తరువాతి వైద్యులు విస్తరించిన ప్రయోగం. నెమ్మదిగా బలం చేకూర్చే యోగమే గానీ, గంటన్నరకో ప్యాడ్ తడుస్తున్నప్పుడు దాని ఒక్కదాని మీద ఆధారపడమని నేను ఎవరికీ చెప్పను.

ఉధృతంగా పోతున్నప్పుడు మేము ఎంచుకునే వాటిలో ఒకటి గూ ఛోంగ్ థాంగ్. దీన్ని కూర్చిన జాంగ్ షీచున్ 1860 నుంచి 1933 వరకు జీవించాడు, పాశ్చాత్య వైద్యాన్ని కూడా శ్రద్ధగా చదివి తన చికిత్సలో కలుపుకున్నవాడు. ఆ కషాయంలో బలాన్నిచ్చే బై జూ, హ్వాంగ్ ఛీ వేళ్లతో పాటు పట్టి నిలిపే గుణం ఉన్నవి ఎక్కువగా ఉంటాయి: కాల్చిన ఆల్చిప్పలు, సముద్రపు నురుగు, మాచికాయను పోలిన వూ బెయ్ జీ, మాడ్చిన తాళజాతి చెట్టు పీచు. వీటితో పాటు ఆయుర్వేదంలో మంజిష్ఠగా వాడే మొక్క వేరు కొద్దిగా ఉంటుంది. రక్తాన్ని ఆపే యోగంలో రక్తాన్ని కదిలించే వేరు ఎందుకని మా విద్యార్థులు అడుగుతారు. ఆపడమే పనిగా పెట్టుకుంటే పాత రక్తం లోపల నిలిచిపోయి, ఆ తరువాత మళ్లీ ఉధృతంగా పడుతుందన్నది మా వారి అనుభవం.

కాచే పద్ధతి కూడా మందులో భాగమే. ఆల్చిప్పలు, శిలాజాస్థులు వంటి గట్టివాటిని ముందుగా అరగంట సేపు విడిగా మరిగించి, ఆ తరువాతే వేళ్లు, ఆకులు వేయాలి. జమ్ము పుప్పొడి నీటి మీద తేలి గొంతుకు అడ్డుపడుతుంది కనుక గుడ్డలో మూటకట్టి వేస్తాము. గాడిద చర్మం నుంచి తీసే అ జ్యావ్ అనే జిగురును మిగతా వాటితో కలిపి మరిగిస్తే అడుగంటుతుంది కాబట్టి వడకట్టిన వేడి కషాయంలో చివర కరిగిస్తాము. మాచిపత్రి జాతి ఆకును రక్తం ఆపడానికి వాడేటప్పుడు మూకుడులో నల్లబడేదాకా వేయిస్తాము. అయితే పూర్తిగా బూడిద కానివ్వకూడదు, పైన మాడినా లోపల ఆకు గుణం మిగిలి ఉండాలి. జంతు సంబంధమైనవి తీసుకోనివారు అ జ్యావ్, సముద్రపు నురుగు, ఆల్చిప్పలు ఉన్నాయేమో ముందే అడిగి తెలుసుకోవాలి. అ జ్యావ్ కోసం జరిగే వధ వల్ల ఆఫ్రికాలో గాడిదలు వేగంగా తగ్గిపోతున్నాయి. 2024లో ఆఫ్రికన్ యూనియన్ చర్మం కోసం గాడిదలను చంపడాన్ని పదిహేనేళ్ల పాటు నిషేధించింది. నా వరకు నేను దాన్ని రాయడం మానేశాను.

మీ కషాయంలో దాంగ్ గుయ్ అనే వేరు ఉందేమో చూడండి. యాన్ యోంగ్‌హ మొదట కూర్చిన గుయ్ పీ థాంగ్‌లో ఆ వేరు లేదు, మింగ్ కాలపు వైద్యుడు ష్వే జీ దాన్ని చేర్చాడు. ఇప్పుడు తయారుగా దొరికే మాత్రల్లో అది ఉంటుంది. దాంగ్ గుయ్ రక్తాన్ని పెంచుతుందని చెప్పినా కదిలించే గుణమూ దానికి ఉంది, అందుచేత ఉధృతంగా పోతున్న రోజుల్లో మాలో చాలామంది దాన్ని తీసేస్తారు. దాన్ని తీసేయమని అడగడం శాస్త్రవిరుద్ధమేమీ కాదు. ఇలా అడిగినప్పుడు మీ వైద్యుడు ఎలా స్పందిస్తారో గమనించండి. అందరికీ ఒకే పొట్లం కట్టి ఇచ్చేవారెవరో, రోగిని బట్టి మార్చేవారెవరో అక్కడ తెలిసిపోతుంది.

మా ప్రాచీనులు స్త్రీ జీవితాన్ని ఏడేళ్ల భాగాలుగా లెక్కించి 49వ ఏట ముట్లుడుగుతాయని రాశారు. ఆ దరిదాపుల్లో వచ్చే రక్తస్రావానికి ప్లీహంతో పాటు మూత్రపిండాల శక్తి తగ్గడాన్ని మూలంగా చూస్తాము. నాలుక పాలిపోయి వాచినట్లు ఉండి నాడి బలహీనంగా ఉంటే ప్లీహం, నాలుక ఎర్రగా ఎండి నడుమునొప్పి, వేడి ఆవిర్లు ఉంటే మూత్రపిండాలు, గడ్డలుగా నొప్పితో పడి నాలుక ఊదారంగుకు తిరిగితే నిలిచిపోయిన రక్తం. మీకు గడ్డలు పడుతున్నాయని రాశారు కనుక ప్లీహం ఒక్కటే కారణమని తేల్చేయడం నాకు తొందరపాటుగా తోస్తోంది. ఇక్కడ ప్లీహం, మూత్రపిండాలు అంటే స్కానింగులో కనిపించే అవయవాలు కావు, మా శాస్త్రంలో కొన్ని పనుల సముదాయాలకు పెట్టుకున్న పేర్లు. నాడిలోనూ నాలుకలోనూ గర్భాశయ లోపొర కణాలు కనిపించవు. చైనాలోని ఆసుపత్రుల్లో కూడా మీ వయసు స్త్రీ ఇటువంటి బాధతో వస్తే లోపొరను గీకి పరీక్షకు పంపుతారు, కషాయం దానికి తోడుగా నడుస్తుంది. ఆ ఫలితం చూడకుండా మూడు నెలలు మందు రాసే ధైర్యం నాకు లేదు.

సమాధానం – ఔషధశాల

నేను ఫార్మసిస్టును. మీ మూడో ప్రశ్నకు నా వంతు జవాబు ఇది.

గుయ్ పీ థాంగ్‌లో అతిమధురం ఉంటుంది. కొద్ది మోతాదులో కొద్ది రోజులు తీసుకుంటే చాలామందికి ఇబ్బంది ఉండదు గానీ, నెలల తరబడి రోజూ తాగితే ఒంట్లో ఉప్పు, నీరు నిలిచి బీపీ పెరగవచ్చు, పొటాషియం పడిపోవచ్చు. బీపీ మాత్రల్లో మూత్రం ఎక్కువగా పోయేలా చేసే రకం ఉంటే పొటాషియం ఇంకా తగ్గుతుంది. కనుక మీ బీపీ మాత్ర పేరు చెప్పకుండా ఆ కషాయం మొదలుపెట్టకండి. మొదలుపెట్టాక ఇంట్లో బీపీ చూసుకుంటూ ఉండండి, పొటాషియం పరీక్ష చేయించుకోండి. అందులోనే జిన్‌సెంగ్ కూడా ఉంటుంది. జిన్‌సెంగ్ వాడిన కొందరు స్త్రీలలో అసహజ రక్తస్రావం కనిపించినట్లు వైద్య పత్రికల్లో కేసులు నమోదయ్యాయి. అవి కొద్ది కేసులే అయినా, కారణం తేలని రక్తస్రావం ఉన్న మనిషి విషయంలో నేను వాటిని పక్కన పెట్టలేను.

థైరాయిడ్ మాత్రను పరగడుపున నీళ్లతో ఒక్కదాన్నే వేసుకోండి. ఐరన్ మాత్రకు, దానికి మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి, లేకపోతే ఐరన్ దాన్ని పట్టేసి ఒంటికి అందనివ్వదు. కషాయాన్ని కూడా ఆ సమయానికి దూరంగానే ఉంచండి. పైన హరితవనం గారు చెప్పిన వూ బెయ్ జీ వంటి వగరు మూలికల్లో టానిన్లు అధికం. టీ, కాఫీ లాగే అవి కూడా ఐరన్‌ను పేగుల్లోనే కట్టిపడేస్తాయి. రక్తం పోకుండా ఆపడానికి తాగే కషాయమే పోయిన రక్తం తిరిగి పట్టకుండా అడ్డుపడే పరిస్థితి వస్తుంది కనుక, రెండింటి మధ్య కనీసం రెండు గంటలు వ్యవధి ఇవ్వండి. ఐరన్ కడుపులో పడకపోతే రోజు విడిచి రోజు వేసుకోవచ్చేమో డాక్టరును అడగండి. అలా వేసుకున్నప్పుడు ప్రతి మాత్ర నుంచి పేగులు గ్రహించే ఐరన్ శాతం పెరుగుతుందని పరిశోధనల్లో తేలింది.

ఈ చర్చ చదివే ఇతరుల కోసం ఇంకొకటి చెప్పాలి. వార్ఫరిన్ వంటి రక్తం పలచన చేసే మందులు వాడేవారు దాంగ్ గుయ్, దాన్ షెన్ ఉన్న ఏ మందూ ముట్టుకోకూడదు. ఆ రెండూ వార్ఫరిన్ ప్రభావాన్ని పెంచి రక్తస్రావం తెచ్చిన సందర్భాలున్నాయి. హ ష్యో వూ అనే వేరు నల్లని జుట్టు కోసమని, మెనోపాజ్ కోసమని విరివిగా అమ్ముడవుతుంది, అది కాలేయాన్ని దెబ్బతీయగలదు.

మూలిక మంచిదైనా పొట్లంలో ఉన్నది ఆ మూలికేనా అన్నది వేరే సమస్య. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గడానికి చైనా మూలికలు వాడిన స్త్రీలలో సుమారు వంద మందికి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. పేరు దగ్గరగా ఉండటం వల్ల ఒక వేరు స్థానంలో అరిస్టోలోకియా జాతి వేరు చేరడం దానికి కారణం. అందులోని అరిస్టోలోకిక్ ఆమ్లం క్యాన్సర్ కారకం కూడా. రక్తం ఆపడానికి పేరుమోసిన యూనాన్ బైయావ్ పొడి విషయంలో, 2013లో హాంకాంగ్ ఆరోగ్య శాఖ పరీక్షించినప్పుడు లేబుల్ మీద చెప్పని వత్సనాభి జాతి మొక్క విషపదార్థాలు బయటపడ్డాయి, ఆ ఉత్పత్తులను అక్కడ వెనక్కి రప్పించారు. అందుచేత ప్రతి మూలిక శాస్త్రీయ నామం, మోతాదు, భారలోహాల పరీక్ష వివరం రాసి ఇవ్వని చోట ఏదీ కొనకండి.

ఇక పనిచేస్తుందా అన్న ప్రశ్న. ఈ రక్తస్రావానికి చైనా మూలికలు హార్మోన్ మాత్రలతో సమానంగానో ఇంకా మెరుగ్గానో పనిచేశాయని చెప్పే అధ్యయనాలు చైనాలో చాలానే వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం చిన్నవి, ఎవరు ఏ మందు తాగుతున్నారో రోగికీ వైద్యునికీ తెలిసి జరిగినవి. అధ్యయనాలన్నిటినీ కలిపి తూచి చూసే కాక్రేన్ సంస్థ చేసినవాటిలో, ఫైబ్రాయిడ్లకు మూలికా మందుల మీద 2013 నాటి కాక్రేన్ సమీక్ష గానీ, మెనోపాజ్ బాధలకు చైనా మూలికల మీద 2016 నాటి కాక్రేన్ సమీక్ష గానీ, ఉన్న ఆధారాలు చాలవనే తేల్చాయి. కొందరికి మేలు జరిగి ఉండవచ్చు. కానీ ఎంతమందికి, ఎంత మేలు అని ట్రానెక్సమిక్ యాసిడ్ గురించి చెప్పినట్లుగా ఈ కషాయాల గురించి చెప్పలేము.

సమాధానం – శరద్రాత్రి

మేఘమాల గారూ, మీ ప్రశ్న చదువుతుంటే నా సంగతే ఎవరో రాసినట్లు అనిపించింది. నేను ఈ రెండు దారుల్లోనూ నడిచాను. బయాప్సీలో హైపర్‌ప్లేసియా లేదని తేలాక, లూప్ వద్దనుకుని, మా డాక్టరుకు చెప్పే చైనా కషాయం మొదలుపెట్టాను. ఉధృతంగా ఉన్న రోజుల్లో ట్రానెక్సమిక్ యాసిడ్ వేసుకునేదాన్ని, మిగతా రోజుల్లో కషాయం తాగేదాన్ని.

అప్పుడు నాకు బాగా పనికొచ్చింది ఒక చిన్న పుస్తకం. ప్రతి రోజూ ఎన్ని ప్యాడ్లు మార్చానో, ఒక్కొక్కటి కొద్దిగా తడిసిందో సగం తడిసిందో పూర్తిగా తడిసిందో, గడ్డలు ఎంత పరిమాణంలో పడ్డాయో రాసుకున్నాను. మనసు బాగున్న రోజు తగ్గిందనిపిస్తుంది, దిగులుగా ఉన్న రోజు పెరిగిందనిపిస్తుంది, ఆ పుస్తకం మాత్రం ఉన్నది ఉన్నట్లు చెబుతుంది. నాకు రక్తస్రావం క్రమంగా తగ్గింది, నిద్ర బాగా పట్టింది. అది కషాయం వల్లనో, మాత్రల వల్లనో, ముట్లుడిగే వయసు దగ్గరపడటం వల్లనో విడదీసి చెప్పడం నా వల్ల కాదు. నీరసం మాత్రం ఐరన్ సరిగ్గా వేసుకోవడం మొదలుపెట్టాకే పోయింది, అందులో నాకు సందేహం లేదు. కషాయం బలాన్నిస్తుందని ఐరన్‌ను తేలిగ్గా తీసుకోకండి.

ఆ వైద్యుడు ఓపికగా విన్నారని మీరు రాశారు. ఆ ఓదార్పుకు విలువ లేదని నేను అనను, నాకూ అదే కావలసి వచ్చింది. ఆయన దగ్గరికి వెళ్లడం మానుకోనక్కర్లేదు. స్కానింగు, రక్తపరీక్ష, బయాప్సీ ఫలితాలు మూడూ పట్టుకుని వెళ్లండి, మీ గైనకాలజిస్టుకూ ఆ కషాయం చీటీ చూపించండి. ఒకరికి తెలియకుండా ఇంకొకరి మందు మింగడం మాత్రం వద్దు.

మేఘమాల

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. బయాప్సీకి రేపే సమయం తీసుకుంటాను, అంతవరకు కషాయం మొదలుపెట్టను. డాక్టరు గారూ, బయాప్సీ ఎంత నొప్పిగా ఉంటుందో, రక్తస్రావం అవుతున్న రోజుల్లో చేయవచ్చో లేదో, అందులో హైపర్‌ప్లేసియా అని వస్తే ఏమవుతుందో కూడా చెప్పగలరా?

సమాధానం – స్త్రీవ్యాధుల వైద్యురాలు

సాధారణంగా మత్తు అవసరం లేకుండా ఔట్‌పేషెంట్ విభాగంలోనే చేస్తాము. మూడు మిల్లీమీటర్ల లావు ఉండే మెత్తని గొట్టాన్ని గర్భాశయ ముఖద్వారం గుండా లోపలికి పంపి, కొద్దిగా లోపొరను పీల్చి తీస్తాము. అసలు నమూనా తీసే సమయం ఒకటి రెండు నిమిషాలే. నెలసరి నొప్పి లాంటి పోటు వస్తుంది, కొందరికి అది గట్టిగానే ఉంటుంది. గంట ముందు నొప్పి మాత్ర వేసుకోవచ్చు. మీకు బీపీ ఉంది కనుక ఏ మాత్ర అన్నది మీ డాక్టరునే అడగండి. నొప్పి భరించలేకపోతే ఆపమని చెప్పే హక్కు మీకు ఎప్పుడూ ఉంటుంది, అటువంటప్పుడు మత్తు ఇచ్చి, సన్నని కెమెరాను గర్భాశయంలోకి పంపి చూసే హిస్టరోస్కోపీతో చేయించుకోవచ్చు. పాలిప్ ఉందన్న అనుమానం ఉంటే అసలు హిస్టరోస్కోపీయే మేలు, ఎందుకంటే బయాప్సీ గొట్టానికి ఒక మూల దాగిన పాలిప్ చిక్కకపోవచ్చు. కొద్దిపాటి రక్తస్రావం ఉన్నా చేయవచ్చు. గర్భం లేదని ముందుగా నిర్ధారించుకుంటాము. నెలసరి ఇంకా వస్తోంది కాబట్టి 48 ఏళ్లకూ అది అవసరమే.

హైపర్‌ప్లేసియా అని వస్తే అది ఏ రకమో చూడాలి. కణాల్లో వికృతి లేని రకమైతే ఇరవై ఏళ్లలో క్యాన్సర్‌గా మారే అవకాశం 5 శాతం కంటే తక్కువ. మీకు చెప్పిన హార్మోన్ లూపే దానికి మొదటి చికిత్స, ఆరు నెలలకోసారి మళ్లీ నమూనా తీసి పొర మామూలు స్థితికి వచ్చిందని చూసుకుంటాము. ఆ స్థితిలో లూప్ బదులు కషాయాన్ని ఎంచుకోవడానికి నేను ఒప్పుకోను. కణాల్లో వికృతి ఉన్న రకమైతే, పిల్లలు అక్కర్లేని వయసులో గర్భసంచి తీసివేయడమే సాధారణంగా సూచిస్తాము, ఎందుకంటే ఆ రకంలో క్యాన్సర్ అప్పటికే పక్కన దాగి ఉండే అవకాశం తక్కువేమీ కాదు. ఏదీ లేదని వస్తే, లూప్, మాత్రలు, పర్యవేక్షణలో కషాయం అన్న మూడు దారులూ మీ ముందు ఉంటాయి. కషాయాన్నే ఎంచుకుంటే మూడు నెలసరుల తరువాత హిమోగ్లోబిన్, ఫెరిటిన్, పొటాషియం, కాలేయ పరీక్షలు చేయించుకుని, శరద్రాత్రి గారు చెప్పిన పుస్తకంతో సహా రండి. హిమోగ్లోబిన్ పెరగకపోతే దారి మార్చుదాము.

తారీఖు తీసుకునేటప్పుడు బీపీ, థైరాయిడ్ మాత్రల పేర్లు, ఆ కషాయం చీటీ కూడా చెప్పండి. ఆ రోజు ఉదయం బీపీ మాత్ర మానకండి.